కందిలి పట్కో: అడ్వెంచర్ ఆటలూ, వాటిని అల్లిన ఔత్సాహికులూ

మొన్న దసరా సెలవులకు కట్టంగూరు వెళ్ళినప్పుడు, తీరిక వేళల్లో నేను రాసుకున్న ఒక చిన్న కంప్యూటర్ ఆటను మా మేనకోడలికి చూపించాను. అందులో బొమ్మలు లేవు. తెర మీద నాలుగు వాక్యాలు మాత్రమే కనిపిస్తాయి. ఊరి చివర ఒక పాడుబడ్డ మోటబావి, లోపల చీకటి, గట్టు మీద ఒక లాంతరు. ఏం చేయదలచుకున్నారో ఆడేవారు తెలుగులో టైపు చేయాలి. ఆ పిల్ల "లాంతరు తీసుకో" అని కొట్టింది. లాంతరు చేతికి వచ్చింది. వెనుక నిలబడి చూస్తున్న మా అమ్మ తానూ ఆడతానన్నది. చెప్పింది చెప్పినట్టు టైపు చేయమని మనవరాలిని పురమాయించి, "కందిలి పట్కో" అన్నది. ఆట జవాబిచ్చింది: "ఆ మాట నాకు అర్థం కాలేదు."

"మన ఊరి బాయి అంటివి గద బిడ్డా, మరి మన మాట రాదా దానికి?" అన్నది అమ్మ.

ఆ ప్రశ్న నన్ను వారం రోజులు వదలలేదు. ఇలాంటి ఆటలు ఎక్కడ పుట్టాయో, లాభం ఆశించకుండా వాటిని అల్లినవారెవరో, ఒకరి నుండి ఒకరికి ఆ విద్య ఎలా అందిందో మొదటి నుండి చెప్పుకుంటే తప్ప దానికి జవాబు దొరకదని అనిపించింది. అందుకే ఈ టపా కొంచెం పొడవు. చదువరులు ఓపిక పట్టగలరు.

ముందుగా పేరు గురించి ఒక మాట. వీటిని తెలుగులో "సాహస క్రీడలు" అంటే కొండలెక్కడమూ, పడవలు నడపడమూ గుర్తుకొస్తాయి. కనుక మన పారిభాషిక పదాల చర్చను మరోసారికి వాయిదా వేసి, ఇక్కడ అడ్వెంచర్ ఆటలు అనే అంటాను. వీటి స్వరూపం మనకు కొత్తది కాదు. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం చిలుకలో ఉంటుంది. ఆ చిలుకను చేరాలంటే ఎన్నో గండాలు దాటాలి. ఒక చోట దొరికినది మరొక చోట పనికొస్తుంది, ఒక చిక్కు విప్పితే తప్ప తరువాతి దారి తెరుచుకోదు. అడ్వెంచర్ ఆట కూడా అంతే. తేడా అల్లా, కథకుడు మధ్యలో ఆగి "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని శ్రోతను నిజంగానే అడుగుతాడు.

మొదటి కథకుడి పేరు విలియం క్రౌథర్. అమెరికాలోని మాసచూసెట్స్‌లో బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో ప్రోగ్రామరు. నేటి అంతర్జాలానికి పూర్వరూపమైన ఆర్పానెట్‌లో సందేశాలను దారి పట్టించే యంత్రాలకు ప్రోగ్రాము రాసినవారిలో ఆయన ఒకరు. ఆయనా, భార్య పాట్రిషియా గుహాన్వేషకులు. కెంటకీ రాష్ట్రంలోని గుహలను కొలిచి, ఆ కొలతలను కంప్యూటర్‌కెక్కించి, పటాలు గీయించేవారు. ఫ్లింట్ రిడ్జ్ గుహలూ, మామత్ గుహా లోపల ఒకదానితో ఒకటి కలుస్తాయని 1972 సెప్టెంబరులో కనుగొన్న బృందంలో పాట్రిషియా ఉన్నారు. గుహాన్వేషణ చరిత్రలో అది పెద్ద ఘట్టం.

తరువాత వారి కాపురం విడిపోయింది. ఇద్దరు కూతుళ్ళు తనకు దూరమవుతున్నారన్న దిగులుతో, తాను తిరిగిన గుహలనే ఒక ఆటగా మలచి వారికి ఇవ్వాలనుకున్నారు క్రౌథర్. 1975-76 ప్రాంతంలో పీడీపీ-10 యంత్రం మీద ఫోర్ట్రాన్ భాషలో రాశారు. ఆడేవారు ఒకటి రెండు మాటల్లో ఆజ్ఞ ఇస్తారు, ఆట జవాబు చెబుతుంది. ఆటలో మొట్టమొదట చేతికి తీసుకోవలసిన వస్తువులలో ఒకటి దీపం. అది లేకుండా చీకట్లో అడుగు వేస్తే గోతిలో పడే ప్రమాదం ఉంది.

ఆ ప్రోగ్రాము నెట్‌వర్క్ మీద చేతులు మారుతూ స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ అనే విద్యార్థికి దొరికింది. దానిలో మార్పులు చేయడానికి అనుమతి కోరుతూ ఆయన "క్రౌథర్" అన్న పేరుకు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నిటికీ ఉత్తరం పంపాడట! జవాబు వచ్చింది, మూలం కూడా వచ్చింది. వుడ్స్ 1977లో దానిని పెంచి, నిధులూ, వింత జీవులూ చేర్చాడు. ప్రపంచమంతా ఆడినది ఆ రూపమే. క్రౌథర్ తొలి ప్రతి పోయిందనే చాలా ఏళ్ళు అనుకున్నారు. వుడ్స్ విద్యార్థి ఖాతా తాలూకు పాత నిల్వలో అది బయటపడింది. డెనిస్ జెర్జ్ అనే ఆచార్యుడు ఆ ప్రతిని చదివి, అసలు గుహలోకి దిగి పోల్చి చూసి, 2007లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆటలోని ఎన్నో గదులు నిజంగా ఆ గుహలో ఉన్నవేనని తేలింది. కల్పన అనుకున్నదానిలో అధికభాగం ఒక మనిషి పాకుతూ, దేకుతూ కొలిచిన నేల. ఈ సంగతిని గుర్తుంచుకోవలసిందిగా మనవి. చివర్లో మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

* * *

ఒకరి ఆట మరొకరికి ఆటలల్లే కోరిక పుట్టించింది. 1977లో ఎమ్‌ఐటీలో నలుగురు మిత్రులు జోర్క్ మొదలుపెట్టారు. దాని నుండే 1979లో ఇన్ఫోకామ్ సంస్థ పుట్టింది. 1978లో స్కాట్ ఆడమ్స్ చిన్న ఇంటి కంప్యూటర్‌లో, 16 కిలోబైట్ల జాగాలో అడ్వెంచర్‌ల్యాండ్‌ను ఇమిడ్చాడు. క్రౌథర్, వుడ్స్‌ల ఆటకు దాసోహమైన రోబర్టా విలియమ్స్ అనే గృహిణి వంటింటి బల్ల దగ్గర తన ఆటకు రూపం ఇచ్చింది. భర్త కెన్ దానికి ప్రోగ్రాము రాశాడు. అది 1980లో వచ్చిన మిస్టరీ హౌస్. అడ్వెంచర్ ఆటకు బొమ్మలు తోడైనది దానితోనే. నలభై ఏళ్ళ తరువాత ఆ దంపతులే క్రౌథర్ గుహను కొత్త హంగులతో మళ్ళీ నిర్మించి 2023లో విడుదల చేశారు. గురుదక్షిణ అంటే అదే కదా.

అయితే నాకు వీరందరికన్నా ఆసక్తి కలిగించేది ఇంకొక పాయ. ఇన్ఫోకామ్ వారూ, స్కాట్ ఆడమ్స్ ఒక కిటుకు గ్రహించారు. ఆటను నడిపే యంత్రాంగం వేరు, ఆటలోని కథ వేరు. మా జిల్లా వైపు పోచంపల్లి, పుట్టపాక మగ్గాలు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. మగ్గం ఒకటే. రంగు అద్దిన పోగులు మారితే చీర మారుతుంది. గదులు, వస్తువులు, మాటలు, జవాబులు అన్నీ పట్టికలుగా రాసిపెట్టుకుంటే, ఒకే యంత్రాంగం ఎన్ని కథలనైనా నడుపుతుంది.

కెన్ రీడ్ అనే ఆయన ఈ కిటుకును 1980లో ప్రాక్టికల్ కంప్యూటింగ్ అనే బ్రిటిష్ పత్రికలో వివరించాడు. అది చదివిన గ్రేమ్ యాండిల్ ది క్విల్ అనే పనిముట్టు తయారుచేశాడు. వేల్స్‌లోని బారీ అనే ఊళ్ళో ఉన్న గిల్‌సాఫ్ట్ అనే చిన్న సంస్థ 1983లో దానిని జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్‌కు విడుదల చేసింది. ధర 14 పౌన్ల 95 పెన్నీలు. ప్రోగ్రామింగ్ రానివాడు కూడా తన కథను పట్టికలలో నింపి ఆట చేసుకోవచ్చు. బడిపిల్లలు, ఉద్యోగులు, గృహిణులు వందలాది ఆటలు అల్లి క్యాసెట్లలో ఎక్కించి టపాలో (ఇది తపాలా టపా!) అమ్ముకున్నారు. వాటిలో చాలావరకు సామాన్యమైనవే. అయినా అక్కడి నుండి ఆట రాయడం ఇంజినీర్ల సొత్తు కాకుండా పోయింది.

ఇంగ్లీషేతర భాషల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1982లోనే ఎన్రికో కొలొంబీని ఆపిల్ కంప్యూటర్‌కు ఇటాలియన్‌లో ఒక కోట ఆట రాశాడు. స్పెయిన్‌లో ఆంద్రేస్ సముదియో నెలకొల్పిన అవెంతురాస్ ఏడీ సంస్థ గిల్‌సాఫ్ట్ వారి తరువాతి పనిముట్టును స్పానిష్‌లోకి తెచ్చి, 1989లో క్రౌథర్ గుహ కథనే స్పానిష్‌లో తన తొలి ఆటగా వెలువరించింది. ఆ పనిముట్టు సొంత భాషలో దొరకడంతో అక్కడ ఔత్సాహికుల బృందాలు ఏర్పడ్డాయి. సంస్థ 1992లో మూతబడినా ఆ బృందాలు ఆగలేదు. అదే కాలంలో మన దేశంలో, 1984లో మొదలైన క్లాస్ అనే ప్రభుత్వ పథకం కింద కొన్ని వందల బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. వాటి తెర మీద కనిపించిన భాష ఇంగ్లీషు. కథ చెప్పడంలో మనమెవరికీ తీసిపోము. కాని పనిముట్టు ఏ భాషలో చేతికి అందుతుందో, అందులో కథ చెప్పగలిగినవారే ఆటలు అల్లగలరు.

* * *

అంగడి ఎంతకాలమూ నిలవదు. ఇన్ఫోకామ్‌ను 1986లో యాక్టివిజన్ కొన్నది, 1989లో మూసివేసింది. మాటలతో నడిచే ఆటకు గిరాకీ పోయింది. సరిగ్గా అప్పుడే ఔత్సాహికులు దానిని ఎత్తుకున్నారు. ఆస్ట్రేలియాలో ఒక విద్యార్థి బృందం అప్పటికే ఇన్ఫోకామ్ ఆటల ఫైళ్ళను విప్పి, అవి ఎలా పనిచేస్తాయో కనిపెట్టింది. ఆ పునాది మీద ఆక్స్‌ఫర్డ్ గణితజ్ఞుడు గ్రాహం నెల్సన్ 1993లో ఇన్‌ఫామ్ అనే రచనా పద్ధతిని, దానితో రాసిన కర్సెస్ అనే ఆటను ఉచితంగా పంచిపెట్టాడు. పాతింటి అటక మీద ఒక పటం కోసం వెతకడంతో మొదలై, ఎక్కడెక్కడికో తీసుకుపోయే ఆట అది. మైక్ రాబర్ట్స్ 1987లో మొదలుపెట్టిన టాడ్స్ కూడా ఇలాంటిదే. 1995లో మొదటి పోటీ పెట్టినప్పుడు ఇన్‌ఫామ్‌తో రాసినవి ఆరు, టాడ్స్‌తో రాసినవి ఆరు, మొత్తం పన్నెండు ఆటలు వచ్చాయి. ఆ పోటీ ఏటా జరుగుతూనే ఉంది.

బొమ్మల ఆటలదీ ఇదే దారి. 1987లో మేనియాక్ మాన్షన్ వచ్చింది. టైపు చేసే అవసరం లేకుండా తెరువు, ఇవ్వు, తోయి వంటి క్రియలను తెర అడుగున పేర్చి, వాటిని ఎంచుకోమన్నారు. పదేళ్ళు ఆ రకం ఆటలు రాజ్యమేలాయి. 1999లో సియెర్రా తన సొంత ఊళ్ళోని ఆటల విభాగాన్ని మూసింది. 2004లో లూకాస్‌ఆర్ట్స్ సగంలో ఉన్న అడ్వెంచర్ ఆటను రద్దు చేసింది. పెద్దలు వదిలేసిన ఆ పొలాన్ని దున్నడానికి నాగలి అప్పటికే సిద్ధంగా ఉంది. క్రిస్ జోన్స్ అనే బ్రిటిష్ యువకుడు 1997లో సొంతంగా తయారుచేసి ఉచితంగా ఇచ్చిన అడ్వెంచర్ గేమ్ స్టూడియో. దానితో కొందరు అభిమానులు సియెర్రా వారి కింగ్స్ క్వెస్ట్ తొలి భాగాన్ని తిరిగి రూపొందించి 2001లో ఉచితంగా పంచారు. బెన్ క్రోషా 2003లో ఫైవ్ డేస్ ఎ స్ట్రేంజర్ రాశాడు. డేవ్ గిల్బర్ట్ ఒక నెలవారీ పోటీ కోసం రాసిన ది శివా 2006లో పెద్దదై అమ్మకానికి వచ్చింది. ఆయనకు అదే బతుకుతెరువైంది. పేరు చూసి మన శివుడనుకోకండి. యూదులు చావింట పాటించే సంతాపదినాలకు ఆ పేరు. న్యూయార్కులోని ఒక యూదు పురోహితుడి కథ అది. తన ఊరూ, తన మనుషులూ, తన ఆచారాలూ అందులో పెట్టాడు గిల్బర్ట్. వెనుకటి గుహ లాగానే.

* * *

ఇక మా బావి దగ్గరకు వద్దాం.

ఇంగ్లీషు కోసం అల్లిన యంత్రాంగంలో తెలుగు పెట్టబోతే ఏమవుతుంది? మొదటి చిక్కు లిపి. యూనికోడ్‌లో 1991 నుండీ తెలుగుకు చోటున్నా, విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతితో వచ్చిన 2001 దాకా మామూలు ఇంటి కంప్యూటర్లలో తెలుగు చూడడం ఎంత పాటో మనలో చాలామందికి స్వానుభవమే. అడ్వెంచర్ గేమ్ స్టూడియోలో యూనికోడ్‌కు చోటు దొరికింది 2023లో వచ్చిన 3.6 విడుదలతోనే. పైగా అక్షరాల సంకేతాలు ఉంటే సరిపోదు, ఒత్తులూ గుణింతాలూ కూర్చి చూపించే నేర్పు కూడా ఉండాలి. ఆ నేర్పు విహరిణులకు ఎప్పుడో వచ్చింది. అందుకని నేను నా ఆటను విహరిణిలోనే నడిచేలా, రెండు మూడు వందల పంక్తుల్లో సొంతంగా రాసుకున్నాను. మాటలు టైపు చేయించకుండా లంకెలు నొక్కించే కథలు చాలనుకునేవారికి క్రిస్ క్లిమస్ 2009లో ఉచితంగా ఇచ్చిన ట్వైన్ ఉండనే ఉంది. అది ఇచ్చేది వెబ్ పుటే కనుక తెలుగు చక్కగా కనిపిస్తుంది.

రెండవ చిక్కు వాక్యం. ఇంగ్లీషు ఆజ్ఞలో క్రియ ముందుంటుంది. ప్రోగ్రాము మొదటి మాట చూసి పని ఏమిటో తెలుసుకుంటుంది. మనకు క్రియ చివర. కనుక వెనుక నుండి చదవాలి. ఇంగ్లీషులో ఏది దేనిలో పెట్టాలో మాటల వరుసే చెబుతుంది. మనకు ఆ పని విభక్తి చేస్తుంది. "తాళంచెవి పెట్టెలో పెట్టు" అన్నా, "పెట్టెలో తాళంచెవి పెట్టు" అన్నా అర్థం ఒకటే. మొదట ఇది అడ్డంకి అనుకున్నాను. రాస్తూ పోగా ఇదే సుళువని తెలిసింది. "లో" తగిలించుకున్న మాట ఎక్కడున్నా చోటే, "తో" తగిలించుకున్నది ఎక్కడున్నా పనిముట్టే.

అసలు పరీక్ష మరొకటి. రాయి రాతితో అవుతుంది, ఇల్లు ఇంట్లో అవుతుంది, చెయ్యి చేత్తో అవుతుంది, ఏరు ఏట్లో అవుతుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలని చెప్పినవి ఇవే కదా. బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న ఆ పాఠం నలభై ఏళ్ళు దాటాక ప్రోగ్రాములో అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు! ఇక్కడ ఔత్సాహికుడికి ఒక వెసులుబాటు ఉంది. భాష మొత్తానికీ సూత్రాలు రాయనక్కరలేదు. నా ఆటలో ఉన్నవి ముప్పై వస్తువులు. ముప్పైకీ రూపాలు చేత్తో రాసుకున్నాను. రెండు ఆదివారాల పని.

మూడవది మర్యాద. ఇంగ్లీషు ఆట అందరినీ ఒకే మాటతో పిలుస్తుంది. నా ఆట "నువ్వు చీకట్లో ఉన్నావు" అంటే మేనకోడలికి బాగానే ఉంటుంది, అమ్మకు ఎలా ఉంటుంది? "మీరు" అంటే పిల్ల నవ్వుతుంది. చివరికి మన వాక్యానికి కర్త అక్కరలేదన్న సంగతే ఆదుకుంది. "చుట్టూ చీకటి. కింద నీళ్ళ చప్పుడు." ఎవరితో అంటున్నదీ చెప్పనక్కరలేదు.

ఇన్ని ఆలోచించినవాడిని కందిలి దగ్గర బోల్తా పడ్డాను. ఆట రాస్తున్నంతసేపూ నా చెవిలో మోగినది పాఠ్యపుస్తకాల తెలుగు. లాంతరు, తలుపు, బావి, తీసుకో. మా ఇంట్లో పలికేవి కందిలి, దర్వాజ, బాయి, పట్కో. నా పుట్టిన ఊరి బావిని ఆటలో పెట్టి, ఆ బావి నీళ్ళు తాగిన మనిషి మాటను గుర్తుపట్టని ఆట తయారుచేశాను. ఇందులో యంత్రం తప్పేమీ లేదు, యూనికోడ్ తప్పు అంతకన్నా లేదు. పదకోశం రాసినవాడిని నేనే.

ఆ రాత్రే మాటలు చేర్చాను. పట్కో, తీస్కో, అందుకో అన్నీ ఒకే పని కింద. మర్నాడు అమ్మ మళ్ళీ కూర్చుంది. కందిలి చేతికి వచ్చింది. బావి దగ్గరకు పోయి, "గిరక ఏది?" అన్నది. లేదు. "మోకు ఏది? తొండం ఏది? బొక్కెన ఏది? ఎద్దులు నడిచే బాట ఏ దిక్కు? ఇవేవీ లేకుంటే అది మోట బాయి ఎట్లయితది?" నా దగ్గర జవాబు లేదు. మాకు ఊహ తెలిసేసరికి బోర్లు వచ్చేశాయి. నేను చూసినది ముళ్ళకంప కప్పిన ఒక గుంతను మాత్రమే. అమ్మ చూసినది తెల్లవారుజామున మోట కొట్టే తన తండ్రిని. మేనకోడలి నోటుపుస్తకం తీసుకుని, బావి ఎలా ఉండేదో, ఎద్దులు ఏ వాలు మీదుగా దిగేవో, నీళ్ళు ఏ కాలువలో పడేవో అమ్మ చేత పటం గీయించాను. క్రౌథర్ గుహ పటం గీసింది ఆట కోసం కాదు. పటం ముందు, ఆట తరువాత. నేను తలకిందులుగా మొదలుపెట్టాను.

అందుకని ఇప్పుడు ఆటను మళ్ళీ రాస్తున్నాను. ముప్పై వస్తువులు నలభై మూడయ్యాయి. వాటిలో పదకొండు పేర్లు నాకు మొన్నటిదాకా తెలియవు. ఆట ఎంతమంది ఆడతారన్న బెంగ లేదు. క్రౌథర్ ఇద్దరి కోసం రాశాడు. నాకూ ఇద్దరున్నారు.

చదివిన మిత్రులకు ఒక మనవి. కందిలిని మీ ఊళ్ళో ఏమంటారు? బావి గట్టు మీది గిరకను, మోకును ఏమని పిలిచేవారు? "తీసుకో" అనడానికి మీ అమ్మమ్మ వాడే మాట ఏది? రాసి పంపితే, అవన్నీ ఆటకు నేర్పుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆడడానికి కూర్చుంటే, అర్థం కాలేదన్న జవాబు వారికి రాకూడదు.